ఇంగ్లీషు వాక్యానికీ ఒక రాగం ఉంది

ఇంగ్లీషు పేపరులో మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి ఇంటర్వ్యూలో నోరు విప్పేసరికి ఎదుటివారు "పార్డన్?" అంటారు. వ్యాకరణదోషం లేదు, మాటలూ సరైనవే. మరి చిక్కెక్కడ? చాలాసార్లు అది వాక్యం పలికే తీరులో ఉంటుంది. కంఠస్వరం మారితే అర్థం మారుతుందని మన ఆలంకారికులు ఏనాడో గుర్తించి దానికి 'కాకువు' అని పేరుపెట్టారు. ఇంగ్లీషు మాట్లాడేవారికి ఈ కాకువు నిత్యావసరం.

"రవి కొత్త సైకిలు కొన్నాడు" అన్న వాక్యం తీసుకుందాం. మరొకరు కాదని చెప్పాలంటే "రవే" అంటాం. అడగాలంటే "కొన్నాడా?" అంటాం. 'ఏ', 'ఆ' అనే చిన్న అచ్చులు మన పని చేసిపెడతాయి. ఇంగ్లీషులో ఆ భారం చాలావరకు గొంతే మోయాలి.

"రవి బాట్ ఎ న్యూ సైకిల్." మామూలుగా చెబితే ఊనిక చివరి ముఖ్యపదమైన 'సైకిల్' మీద పడుతుంది. 'రవి'ని ఒత్తి పలికితే కొన్నది రవే అని. 'బాట్'ని ఒత్తితే అద్దెకు తేలేదు, కొన్నాడని. 'న్యూ'ని ఒత్తితే సెకండ్‌హ్యాండ్‌ది కాదని. మనమేమో అన్ని మాటల్నీ సమానంగా తూచి పలుకుతాం. అందులో ముఖ్యమైనదేదో వినేవారికి అందదు.

డేనియల్ జోన్స్ 1917లో వెలువరించిన ఉచ్చారణ నిఘంటువు వంటివి ఒక్కొక్క మాటలో ఊనిక ఎక్కడో చూపుతాయి. వాక్యంలో ఊనిక ఎక్కడో ఏ నిఘంటువూ చెప్పలేదు. అది మాట్లాడేవారి ఉద్దేశాన్ని బట్టి ఉంటుంది.

ఇక స్వరం ఎక్కడ దిగాలి, ఎక్కడ లేవాలి? ఈ నాలుగూ గుర్తుంచుకుంటే చాలావరకు గట్టెక్కుతాం.

1. విషయం చెప్పే వాక్యం చివర స్వరం దిగుతుంది.
2. 'వాట్', 'వేర్', 'వై' వంటి మాటలతో మొదలయ్యే ప్రశ్నల్లోనూ సాధారణంగా దిగుతుంది. మనవాళ్లు ఇక్కడే పైకి లేపేస్తారు.
3. 'యెస్' లేదా 'నో' జవాబుగా వచ్చే ప్రశ్నల్లో సాధారణంగా లేస్తుంది.
4. "టీ ఆర్ కాఫీ?" అన్నప్పుడు టీ దగ్గర లేచి కాఫీ దగ్గర దిగితే, రెండింటిలో ఒకటి కోరుకోమని అర్థం.

"సారీ" అన్న ఒక్క మాటే చూడండి. స్వరం దిగితే క్షమాపణ, లేస్తే "ఏమన్నారు?" అని.

అభ్యాసానికి ఒక స్నేహితుడు చాలు. అతను "హూ బాట్ ఎ న్యూ సైకిల్?" అని అడిగితే 'రవి'ని ఒత్తుతూ పూర్తి వాక్యం చెప్పండి. "డిడ్ రవి హైర్ ఎ న్యూ సైకిల్?" అంటే 'బాట్'ని ఒత్తండి. వాక్యం ఒకటే, ఊనిక మాత్రం కదలాలి. తర్వాత రేడియో వార్తల్లో రెండు వాక్యాలు విని, మాటలు లేకుండా రాగం మాత్రం కూనిరాగంలా తీయండి. ఆపైన మాటలు చేర్చి, ఫోనులో రికార్డు చేసుకుని పోల్చి చూడండి. రోజుకు పది నిమిషాలు చాలు.

"ఇది దొరల్ని అనుకరించడం కాదా?" అని కొందరంటారు. మన యాస మనకుండనివ్వండి, దానికి సిగ్గుపడక్కర్లేదు. మన మాట ఎదుటివారికి అందడమే ముఖ్యం. నోరు తెరిచేముందు ఒక్క క్షణం ఆలోచించండి: ఈ వాక్యమే తెలుగులో చెబితే 'ఏ' ఎక్కడ చేరుస్తాను? ఇంగ్లీషులో ఊనిక ఆ మాట మీదే వేయండి.