పొయ్యి ఇటుకకు నలుపెందుకు, తెలుపెందుకు?

అండమాన్ దీవుల్లో చలిమంట అవసరం ఎవరికీ రాదు. ఇటుక, మంట కలిసే చోటు మాత్రం ఇక్కడా ఉంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగువారు దీవుల్లో ఎందరో ఉన్నారు. గ్యాస్ వచ్చాక కూడా నీళ్లు కాచుకోవడానికో, పండగ వంటకో పెరట్లో ఇటుకలతో కట్టిన కట్టెల పొయ్యి ఉంచుకునే ఇళ్లు ఉంటాయి. కొన్నేళ్లకు పొయ్యి వెనక గోడ నల్లబడుతుంది. కింది వరసల్లో తెల్లటి పొడి తేలుతుంది. రెండింటినీ ఒక్కసారిగా బాత్‌రూం యాసిడ్‌తో వదిలించాలనుకోవడం మామూలే. సముద్రం పక్కన అది మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

ముందు నలుపు సంగతి. కట్టె పూర్తిగా కాలనప్పుడు పుట్టే మసి ప్రధానంగా కార్బన్. దాని మూల రేణువులు మీటరులో వంద కోట్లవ వంతును ఒక నానోమీటరు అనుకుంటే, కొన్ని పదుల నానోమీటర్లకు మించవు. ఇటుకలోని సూక్ష్మ రంధ్రాలు చాలావరకు వాటికన్నా పెద్దవి. అందుకే మసి పైన కూర్చోదు, లోపలికి దిగుతుంది. పొగలోని తారు దాన్ని అంటిపెట్టి ఉంచుతుంది. కార్బన్ నీటిలో కరగదు, యాసిడ్‌లోనూ కరగదు. పొడి ఇటుక మీద నీళ్లు పోసి రుద్దితే, ఆ నీటిని పీల్చుకుంటూ ఇటుక మసిని ఇంకా లోపలికి లాక్కుంటుంది.

తెలుపు కథ వేరు. అది ఉప్పు. సముద్రపు గాలి, నేల తడి, ఉప్పు కలిసిన ఇసుక దాన్ని ఇటుకలోకి చేరుస్తాయి. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమను పీల్చుకుని కరుగుతుంది. తగ్గితే మళ్లీ స్ఫటికమవుతుంది. అండమాన్‌లో తేమ ఈ గీతకు అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. పొయ్యి దగ్గరైతే మంట వెలిగినప్పుడల్లా ఎండటం, ఆరినప్పుడల్లా చెమ్మగిల్లడం. రంధ్రాల్లో పెరిగే స్ఫటికాలు గోడలను లోపలి నుంచి నెడతాయి. ఇటుక పొరలుగా, పిండిగా రాలేది అందుకే.

ఇప్పుడు యాసిడ్ ఏం చేస్తుందో చూద్దాం. బాత్‌రూం యాసిడ్ అంటే ఎక్కువగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది మసిని వదిలేసి, ఇటుకల మధ్య ఉన్న సున్నం మీద పడుతుంది. రాస్ ద్వీపంలోని (2018 నుంచి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం) బ్రిటిష్ కాలపు కట్టడాల్లాంటి పాత సున్నపు పనికైతే మరీ ప్రమాదం. సున్నంతో కలిసి అది కాల్షియం క్లోరైడ్‌గా మారుతుంది. ఈ లవణం సుమారు 30 శాతం తేమలోనే నీరు కారుతుంది. అంటే దీవుల్లో ఆ గోడ దాదాపు ఎప్పటికీ పూర్తిగా ఆరదు. యాసిడ్‌కు బ్లీచింగ్ పౌడర్ తోడైతే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ఈ రెండింటినీ ఎన్నడూ కలపకూడదు.

మరి ఎలా? పొయ్యి పూర్తిగా చల్లారాక, ఒక రోజు ఆగి, ముక్కుకు మాస్క్ కట్టుకుని, మెత్తటి బ్రష్‌తో పొడి మసిని దులపాలి. ఇనుప బ్రష్ వద్దు. అది ఇటుక గట్టి పైపొరను గీకేస్తుంది. తర్వాత ఇటుకను శుభ్రమైన నీటితో తడపాలి. రంధ్రాలు ముందే నిండితే మురికి నీరు లోపలికి పోదు. కొద్దిగా గిన్నెలు తోమే ద్రవం కలిపిన నీటితో రుద్ది, స్పాంజితో ఎత్తేయాలి. కడగడానికి వాన నీరు మేలు. ఉప్పగా ఉండే బావి నీరు వాడితే శ్రమంతా వృథా. వంట సోడా, చాకలి సోడా కూడా ఎండాక ఉప్పునే మిగులుస్తాయి. మొండి మరకకు ముల్తానీ మట్టిని నీటితో ముద్దగా చేసి పూసి, ఆరనివ్వాలి. ఆరుతున్న మట్టి రంధ్రాల్లోని తడిని, దానితోపాటు కరిగిన ఉప్పును తన వైపు లాక్కుంటుంది. ఎండాక పొడిగా రాల్చేయాలి. తెల్లటి పొడిని మాత్రం కడగకుండా, పొడిగానే ఊడ్చేయడం మంచిది.

పొయ్యిని మట్టితో అలికే మన పాత అలవాటులోనూ ఇదే సూత్రం ఉంది. మసి, ఉప్పు అలికిన పూతను పట్టుకుంటాయి, ఇటుకను కాదు. పూత పాడైతే మళ్లీ అలుకుతారు. పాత కట్టడాల సంరక్షకులు దీన్ని త్యాగపు పొర అంటారు.

కడిగాక కొన్ని రోజులు గాలికి ఆరనిచ్చి, మొదటిసారి చిన్న మంటే వేయాలి. తడి ఇటుకపై పెద్ద మంట వేస్తే లోపలి నీరు ఆవిరై ఇటుకను పగలగొట్టగలదు.