రాసి అడుగు, బిడ్డా

బహదూర్‌పురా,
హైదరాబాద్

చిరంజీవి బిడ్డకు మేనత్త ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. కాలేజీ మానేసి దూరవిద్యలో చేరతానన్నావట. దసరాకు వచ్చినప్పుడు నాతో ఒక్క ముక్క అనలేదు. పోయిన ఉత్తరంలో మాత్రం, నీ వల్ల అక్కడ అందరికీ ఇబ్బందేనని ఒక మాట రాశావు. అప్పుడే నా మనసు కీడు శంకించింది. నీకు చూపు తక్కువ, ఈ ఉత్తరం చేత్తో రాస్తే నీ ఫోన్ సరిగ్గా చదివి వినిపించలేదు కాబట్టి, నేను చెబుతుంటే ఫోనే తెలుగులో టైపు చేసేటట్టు పెట్టుకున్నాను. ఇయర్‌ఫోన్ పెట్టుకొని నిదానంగా విను. దీన్ని ఎవరినో బతిమాలి చదివించుకోవద్దు.

ముందు ఒక సంగతి. దూరవిద్య అంటే నాకు చిన్నచూపు లేదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇప్పుడు దాన్నే అంబేద్కర్ యూనివర్సిటీ అంటున్నాం. ఇంటి పనులు, కూలి పనులు, చంటిపిల్లల మధ్య ఎందరో ఆడవాళ్లు అక్కడ పట్టాలు తీసుకున్నారు. ఇష్టపడి వెళ్తానంటే ఫీజు నేనే కడతాను. కానీ నువ్వు ఇష్టపడి పోవడం లేదు. నోట్స్ చదవలేక, పరీక్షలో నువ్వు చెప్పింది రాసిపెట్టే స్క్రైబ్ దొరక్క, చీకటి మెట్ల మీద తడబడి, అడిగీ అడిగీ విసిగి పోతున్నావు. అట్లా పోతానంటే నేను ఒప్పుకోను.

నిన్ను ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఇప్పటిదాకా నువ్వు అడిగినవాటిలో కాగితం మీద అడిగింది ఏమైనా ఉందా? హెడ్ సార్‌కు చెప్పావు, మేడమ్‌కు చెప్పావు, పరీక్షల విభాగంలో కిటికీ దగ్గర నిలబడి చెప్పావు. అన్నీ నోటిమాటలే.

నేను కాలేజీ ఆఫీసులో అలాంటి కిటికీకి లోపలివైపు కూర్చొని రిటైరైన మనిషిని. నోటితో చెప్పింది సాయంత్రానికల్లా ఎందుకు పోతుందో నాకు తెలుసు. అక్కడున్నవాళ్లు చెడ్డవాళ్లని కాదు. అడ్మిషన్లు, ఫీజు రీయింబర్స్‌మెంట్, బోనఫైడ్‌లు, పరీక్ష ఫారాల మధ్య ఎవరి మొహమూ గుర్తుండదు. అదే అర్జీ ఇన్‌వర్డ్ రిజిస్టరులోకి ఎక్కి, దాని మీద ముద్ర, నంబరు, తేదీ పడ్డాయనుకో, ఇక ఆ కాగితం ఎవరో ఒకరి బాధ్యత. దాన్ని ఒక సెక్షన్‌కు పంపాలి. క్లర్కు నోట్ పెట్టాలి. ప్రిన్సిపాల్ సరే అన్నా, వద్దన్నా సంతకం పెట్టాలి. వద్దంటే కారణం రాయాలి. సర్కారు కాలేజీలో అర్జీ ఏమైందో తెలియకపోతే ఆ నంబరు వేసి సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. నంబరు లేకపోతే, మాకేమీ అందలేదనడం వాళ్లకు చాలా తేలిక.

కాబట్టి రెండు ప్రతులు తీసుకెళ్లు. ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద ముద్ర వేయించుకో. ముద్ర వేసే అతను టీకి వెళ్లాడంటే కూర్చో. రేపు రమ్మంటే రేపే వెళ్లు. నంబరు లేకుండా గది దాటి రావద్దు. ఈ మాట ఈ ఉత్తరంలో ఇంకా చాలాసార్లు వస్తుంది. ఓపిక పట్టు.

నా కాలి సంగతి, తాత నన్ను చదివించిన సంగతి నీకు తెలిసినవే. మళ్లీ ఎత్తను. తెలియనిది ఒకటి చెబుతాను. నా డిగ్రీ క్లాసులు మొదటి అంతస్తులో ఉండేవి. కాలికి కాలిపర్ తొడుక్కొని ఆ మెట్లు ఎక్కడం నా వల్ల అయ్యేది కాదు. అక్కడి అటెండర్ తాత వయసువాడు, రోజూ నన్ను ఎత్తుకొని పైకి తీసుకుపోయేవాడు. ఎంత మంచి మనిషో! ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. కానీ ఆయన సెలవు పెట్టిన రోజు నాకు చదువు లేదు. కింద వేపచెట్టు నీడలో కూర్చొని, పైనుంచి వినబడే పాఠంలో చెవికందింది రాసుకునేదాన్ని. ఆయన కూతురి పెళ్లికని చాలా రోజులు ఊరికి పోయినప్పుడు నాకు తెలిసొచ్చింది. ఒక మనిషి మంచితనం మీద నిలబడిన ఏర్పాటు ఆ మనిషి లేనినాడు నిలవదు.

ఆ ఆఫీసులోని హెడ్ క్లర్కే నాకు దారి చూపించాడు. "ఏడవకమ్మా, రాసియ్యి, నేను ముద్ర వేస్తా" అన్నాడు. రాసిచ్చాను. మా సెక్షన్ క్లాసును కిందికి మార్చడానికి ఆ యేడు సగం పట్టింది. మార్చాక చూస్తే, కింది గదికి సంతోషించింది నేనొక్కదాన్నే కాదు. నెలలు నిండిన ఇంగ్లీషు మేడమ్, మోకాళ్ల నొప్పుల ఎకనామిక్స్ సార్, చివరికి ఆ అటెండర్ తాత నడుము కూడా. నా ఒక్కదాని కోసం అడిగాననే సిగ్గు నాకు ఆ రోజుతో పోయింది.

అందుకే నీ వల్ల అందరికీ ఇబ్బంది అన్న మాటను నేను ఓర్చుకోలేకపోతున్నాను. విజయనగరం సంగీత కళాశాల సంగతి మా సూపరింటెండెంట్ సార్ మధ్యాహ్నం డబ్బా విప్పి చెబుతుండేవారు. 1919లో పూసపాటి విజయరామ గజపతిరాజు ఆ కాలేజీ పెట్టడానికి కారణం, తన దగ్గర పనిచేసే ఒకాయన చూపులేని కొడుకు సంగీతం నేర్చుకోవాలని ఆశపడటమేనని చెబుతారు. ఒక్క పిల్లవాడి కోసం పెట్టిన కాలేజీ అది! ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడు గారికి చూపు మందం. ఆయన అక్కడికి విద్యార్థిగా చేరడానికి పోతే, వాయులీనం విని పంతులుగానే వేసుకున్నారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. తర్వాత ఘంటసాల చదివింది అక్కడే, సుశీలమ్మ చదివింది అక్కడే. ఒక్క చూపులేని పిల్లవాడికని తెరిచిన తలుపులోంచి తెలుగు పాట ఎంత నడిచొచ్చిందో చూడు. నీ కోసం మీ కాలేజీ ఒక తలుపు తెరిస్తే దాన్ని ఇబ్బంది అంటావేం?

తిన్నావా, బిడ్డా? హాస్టల్ అన్నంలో రాళ్లుంటున్నాయని అన్నావు. వచ్చే ఆదివారం మీ నాన్నతో సకినాలు, పల్లిపొడి పంపిస్తాను. రూమ్‌లో పిల్లలకూ పెట్టు.

మా రోజుల్లో అడగడానికి చట్టం లేదు. ధైర్యానికి జైపాల్‌రెడ్డి గారు ఉండేవారు. చిన్ననాడే పోలియో వచ్చిన మనిషి. ఊతకర్రలతోనే ఉస్మానియాలో చదివి, 1969లో కల్వకుర్తి ఎమ్మెల్యే అయ్యారు. ఆయన పేపరులో కనబడ్డప్పుడల్లా తాత నాకు చూపించేవాడు. వికలాంగుల చట్టం పీవీ గారి హయాంలో వచ్చింది, 1995లో. చదువుల్లో 3 శాతం సీట్లు. ఇప్పుడు నీ చేతిలో ఉన్నది 2016 చట్టం. సర్కారు, ఎయిడెడ్ కాలేజీల్లో కనీసం 5 శాతం సీట్లు, వయసులో 5 ఏళ్ల సడలింపు. సర్కారు నిధులో గుర్తింపో ఉన్న ప్రతి విద్యాసంస్థా భవనాన్ని అందుబాటులోకి తేవాలని, ఒక్కొక్కరి అవసరాన్ని బట్టి ఏర్పాటు చేయాలని 16వ సెక్షన్‌లో ఉంది. పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్ మాట 17వ సెక్షన్‌లో ఉంది. అర్జీలో ఈ రెండు నంబర్లూ రాయి. వాళ్ల నంబరు పడేముందు మన నంబర్లు అందులో ఉండాలి.

బొల్లా శ్రీకాంత్ మీద తీసిన సినిమా నువ్వు ముందే విన్నావు, నాకు కథంతా చెప్పావు కూడా. మచిలీపట్నం దగ్గర పల్లె నుంచి వచ్చిన చూపులేని పిల్లవాడు. ఇంటర్‌లో సైన్స్ వద్దంటే కోర్టుకు పోయి తెచ్చుకున్నాడు, 98 శాతం తెచ్చుకున్నాడు, అమెరికాలో ఎంఐటీకి పోయాడు. నువ్వు ఆ తెలివిని మెచ్చుకున్నావు. నేను ఆ పిటిషన్‌ను మెచ్చుకుంటాను. తెలివి ఒక్కడినే దాటించి ఉండేది, ఆ కాగితం వెనక వచ్చేవాళ్లకు కూడా పనికొచ్చింది. సివిల్స్ రాయబోయిన ఒక డాక్టరు సంగతీ అంతే. రాస్తుంటే చెయ్యి బిగుసుకుపోయే జబ్బు అతనిది. 40 శాతం వైకల్యం లేదని స్క్రైబ్‌ను ఇవ్వబోమన్నారు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అతనికి స్క్రైబ్ ఇవ్వాల్సిందేనంది. ఆ తర్వాత 40 శాతం లోపువాళ్లకూ మార్గదర్శకాలు వచ్చాయి. ఒక్క మనిషి అడిగాడు బిడ్డా, రాసి అడిగాడు.

ఇక నీ నోట్స్. మీ సార్లు చేతిరాత పేజీలు ఫొటో తీసి వాట్సప్ గ్రూపులో పెడుతున్నారు. ఫొటోలోని చేతిరాతను నీ ఫోన్ సరిగ్గా చదవదు. కొందరు ‘అను’ అనే ఫాంట్లలో కొట్టించిన పీడీఎఫ్ ఇస్తున్నారు. చూసేవాళ్ల కంటికి అది తెలుగే, చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల కుప్ప. ఇది వాళ్లకు తెలియదు. తెలిస్తే చాలామంది మారుస్తారు. "నోట్స్ యూనికోడ్ తెలుగులో, వర్డ్ ఫైలుగా ఇప్పించగలరు" అని అర్జీలో ఒక అంశంగా పెట్టు. చెప్పడానికి మొహమాటపడకు. ఆ ఫైలు బస్సులో వింటూ పోయే పిల్లలందరికీ పనికొస్తుంది.

పాఠ్యపుస్తకాన్ని నీకు చదవడానికి వీలయ్యే రూపంలోకి మార్చితే దొంగతనం అవుతుందేమోనని భయపడ్డావట. కాదు. 2012లో కాపీరైట్ చట్టం సవరించి దానికి అనుమతి ఇచ్చారు. చూపులేనివాళ్ల పుస్తకాల కోసం 2013లో మరకేష్‌లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరితే, మరుసటి ఏడాది దాన్ని అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ఉంది, అందులో సభ్యత్వం తీసుకో. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. సెలవుల్లో ఇక్కడికి వస్తే బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్ కంటి దవాఖానకు తీసుకుపోతాను. చూపు తగ్గినవాళ్లకు కంప్యూటర్, తెల్లకర్రతో నడక నేర్పే విభాగం అక్కడుంది.

తెల్లకర్ర మడిచి బ్యాగులోనే ఉంచుతున్నావని మీ అమ్మ చెప్పింది. నేనూ కాలిపర్ కనబడకుండా లంగా నేలకు జీరాడేటట్టు కట్టుకునేదాన్ని. అది కాళ్లకు తట్టుకొని పడేదాన్ని. తెలుసుకున్నాక లంగా పైకి కట్టుకున్నాను, చూసేవాళ్లను చూడనిచ్చాను. నిన్ను తొందరపెట్టను. సందెవేళ హాస్టల్ దారిలో మాత్రం తీసి పట్టుకో. మామీద దయ ఉంచి పట్టుకో.

స్క్రైబ్ విషయం ఆఖరి వారానికి వదలకు. పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి. అంటే మూడు గంటల పేపరుకు ఇంకో గంట. స్క్రైబ్ ఎంత చదివి ఉండాలన్న నిబంధన పరీక్షల విభాగంలో ముందే రాతపూర్వకంగా తెలుసుకో. తర్వాత ఆ అమ్మాయితో పాత పేపర్లు రాయించి సాధన చెయ్యి. ప్రశ్న రెండుసార్లు చదివించుకో. ఎక్కడ కొత్త పేరా, ఎక్కడ గీత, ఎక్కడ పటం అన్నీ చెప్పడం అలవాటు చేసుకో. రాసింది తిరిగి చదివించుకో. చెప్పి రాయించడం వేరే విద్య, తెలివి ఉన్నంతమాత్రాన రాదు. నీ వైకల్య గుర్తింపు కార్డు, అదే యూడీఐడీ కార్డు, నకలు ప్రతి అర్జీకీ జతచెయ్యి.

ఇక్కడ మన చౌరస్తా మీద 2022లో ఫ్లైఓవర్ వచ్చాక పైన బండ్లు హాయిగా పోతున్నాయి. కింద నాలాంటి కాలుతో జూపార్కు వైపు దాటడం గండమే. ఫుట్‌పాత్ ఎక్కేచోట వాలు పెట్టించమని నేనూ, పక్కింటి ఆపా కలిసి అర్జీ ఇచ్చాం. ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి. నిట్టనిలువుగా పోస్తే అది ఎవరికీ పనికిరాదు. అదీ రాశాం. ముద్ర, నంబరు తెచ్చుకున్నాం. జవాబు ఇంకా రాలేదు. నంబరు చెప్పి అడుగుతూనే ఉన్నాం. ఈ వయసులో మేము తిరుగుతున్నాం, నీ వయసులో నువ్వు తిరగలేవా?

నిన్ను తిడుతున్నానని అనుకోకు. అర్ధరాత్రి ఫోన్ చేసి ఏడ్చినా వింటాను. కానీ పొద్దున లేచి అర్జీ పట్టుకుపోవాలి.

సోమవారం ఇట్లా రాసివ్వు. ప్రిన్సిపాల్ గారికి, నా చూపు ఇంత శాతం, కార్డు జతచేశాను. ఒకటి, నోట్స్ యూనికోడ్‌లో. రెండు, పరీక్షకు స్క్రైబ్, అదనపు సమయం. మూడు, మా సెక్షన్ గది కింది అంతస్తులో, మెట్ల దగ్గర దీపం, మెట్ల అంచులకు పసుపు గీత. 2016 చట్టం 16, 17 సెక్షన్ల కింద కోరుతున్నాను. జవాబు రాతపూర్వకంగా ఇప్పించగలరు. ఇంతే. వేడుకోలు అక్కర్లేదు, కోపం అక్కర్లేదు. నెల దాటినా కదలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు రాద్దాం, నేనే నీతో వస్తాను. దూరవిద్య ఫారం అప్పటిదాకా నింపొద్దు.

ఇన్‌వర్డ్ నంబరు పడగానే నాకు ఫోన్ చేసి చెప్పు. నా డైరీలో కూడా రాసుకుంటాను. పైలం బిడ్డా.

నీ మేనత్త