మంచు చిరుత కోసం ఎంత నడవాలి?

ప్రశ్న: ఫిబ్రవరిలో లద్దాఖ్‌లోని హెమిస్ జాతీయ పార్కుకు వెళ్తున్నాం. మంచు చిరుత కనిపించాలంటే రోజుకు ఎంత దూరం నడవాలి?

జవాబు: వీలైనంత తక్కువ నడవండి. బూడిదరంగు ఒంటిమీద మసక మచ్చలున్న ఈ జంతువు బండల్లో ఇట్టే కలిసిపోతుంది. మీరు కదులుతుంటే మీకంటే ముందు అదే మిమ్మల్ని చూస్తుంది. పార్కులోని రుంబక్ లోయలో గైడ్లు తెల్లవారగానే, మళ్ళీ పొద్దువాలే వేళ ఒకేచోట స్కోపు పెట్టుకుని ఎదుటి కొండ అంచులను జానెడు జానెడుగా గాలించేది అందుకే. ముందు దాని ఆహారమైన భరల్ అడవిగొర్రెలను వెతకండి. చలికాలంలో మేత కోసం అవి కిందికి దిగుతాయి, వెనకే చిరుతా దిగుతుంది. మేస్తున్న మంద ఉన్నట్టుండి తలలెత్తి ఒకేవైపు చూస్తే స్కోపును వెంటనే అటు తిప్పండి.

ఎక్కువ లోయలు తిరిగితే అవకాశం పెరుగుతుంది కదా అంటారేమో. 2024లో వెలువడిన అంచనా ప్రకారం దేశంలోని 718 మంచు చిరుతల్లో 477 లద్దాఖ్‌లోనే ఉన్నాయి. నిజమే, కానీ అంత విశాలమైన కొండల్లో అవి చాలా పలచగా విస్తరించాయి. కాలినడకన మీరు చుట్టగలిగేది అందులో పిసరంతే. అదే ఒక్క గట్టుమీద కూర్చుంటే కిలోమీటర్ల మేర వాలు కంటికి ఆనుతుంది. పైగా లేహ్ పట్టణమే సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తుకు ఒళ్ళు అలవాటుపడేలా అక్కడ కనీసం రెండు రోజులు విశ్రాంతి తీసుకున్నాకే పైకి కదలండి.