మేజోళ్లకు ఏ సూదులు మేలు?

ప్రశ్న: మఫ్లర్ అల్లడం వచ్చు. ఇప్పుడు మేజోళ్లు మొదలుపెట్టాలి. ఐదు పొట్టి సూదుల సెట్టు కొనాలా, తీగ సూది చాలా?

జవాబు: రెండు కొసలూ మొనదేలిన పొట్టి సూదులది పాత పద్ధతి. 1400 ప్రాంతంలో జర్మనీలో బెర్ట్రామ్ గీసిన బుక్స్‌టెహూడె చర్చి చిత్రంలో మరియమ్మ ఇలాంటి సూదులతోనే బాల యేసు చొక్కా అల్లుతూ కనిపిస్తుంది. 64 కుట్లుంటే సూదికి 16 చొప్పున నాలుగింటి మీద సర్ది, ఐదో సూదితో అల్లుతారు. సూదులు కలిసే చోట కుట్లు వదులై నిచ్చెనలా గీత పడటం కొత్తవారికి మామూలే. ప్రతి సూది మీదా రెండో కుట్టు అల్లాక దారాన్ని కాస్త బిగిస్తే అది చాలావరకు తగ్గుతుంది. ఉక్కు సూదులు జారతాయి, వెదురువి పట్టు ఇస్తాయి.

23 సెంటీమీటర్ల బుల్లి గుండ్రటి సూది చూడముచ్చటగా ఉంటుంది, పిక్క భాగం చకచకా సాగుతుంది. కానీ వేళ్ల దగ్గర కుట్లు తగ్గేసరికి అది చాలదు, వేరే సూదులు వెతుక్కోవాల్సిందే.

మొదటి జతకైతే 80 నుంచి 100 సెంటీమీటర్ల పొడవున్న తీగ సూది ఒక్కటి కొనడమే మంచిది. కుట్లను రెండు సగాలు చేసి, మధ్యలో మిగిలిన తీగను లూపుగా బయటకు లాగి అల్లడమే మ్యాజిక్ లూప్. బస్సులో అల్లుతున్నా సూది సీటు కిందికి దొర్లిపోదు! తీగ మాత్రం మెత్తగా వంగాలి. బిరుసుదైతే ప్రతి వరుసా కుస్తీయే.

సన్నని మేజోళ్ల ఊలుకు సాధారణంగా 2.25 లేదా 2.5 మిల్లీమీటర్ల సూది సరిపోతుంది.