ప్రేగులో నివురుగప్పిన నిప్పు

మీ తరగతిలో ఒక పిల్లవాడు గంటకు రెండుసార్లు బయటికి వెళ్తానని లేస్తున్నాడనుకోండి. పాఠం తప్పించుకుంటున్నాడని మిగతావాళ్లు నవ్వుతారు. అతని పెద్దప్రేగులో పుండ్లు ఉండవచ్చునని ఎవరికీ తోచదు.

కాలిలో తుమ్మముల్లు దిగితే ఆ చోటు ఎర్రబడి వాస్తుంది కదా? సూక్ష్మజీవులతో పోరాడటానికి తెల్లరక్తకణాలు అక్కడికి చేరతాయి. ముల్లు తీశాక పోరాటం సద్దుమణుగుతుంది. కొందరి ప్రేగులలో మాత్రం ముల్లు లేకుండానే ఈ పోరాటం ఏళ్ల తరబడి సాగుతుంది. శరీర రక్షణ వ్యవస్థే దారితప్పి ప్రేగు గోడను గాయపరుస్తుంది. గాయం పెద్దప్రేగు లోపలి పొరకే పరిమితమైతే అల్సరేటివ్ కోలైటిస్ అంటారు. నోటి నుండి మలద్వారం వరకు ఎక్కడైనా వచ్చి, గోడ లోతుల్లోకి కూడా దిగితే అది క్రోన్స్ వ్యాధి. రక్త విరేచనాలు, కడుపునొప్పి, బరువు తగ్గడం, పిల్లలలో ఎదుగుదల కుంటుపడటం దీని లక్షణాలు. ఇది అంటురోగం కాదు. కారం తిన్నందువల్ల వచ్చేదీ కాదు.

పట్నంవాళ్ల జబ్బు మన మోకిలకెందుకు వస్తుందంటారా? 2020–22 మధ్య హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు తెలంగాణలో కడుపు బాధలున్న 30 వేల మందికి పైగా పరీక్షించారు. నూటికి సుమారు ఐదుగురిలో ఈ వ్యాధి కనిపించింది. పల్లెకూ పట్నానికీ తేడా దాదాపు లేదు. ఊళ్లో నూటికి ఐదుగురికి ఉందని దీని అర్థం కాదు సుమా! ఆ లెక్క కడుపు బాధలతో వచ్చినవారిలోది.

మన దేశంలో మరో చిక్కుంది. ప్రేగుకు వచ్చే క్షయ అచ్చం క్రోన్స్ వ్యాధిలాగే కనిపిస్తుంది. క్రోన్స్‌కు ఇచ్చే కొన్ని మందులు క్షయను పెంచగలవు. అందుకే కొలొనోస్కోప్ గొట్టంతో లోపల చూసి, చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు.

మందులతో విరేచనాలు ఆగుతాయి, బరువు పెరుగుతుంది. "తగ్గింది కదా, ఇంకా మందెందుకు?" అని చాలామంది మానేస్తారు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. బాధ పోయినా లోపల వాపు మిగిలి ఉండవచ్చు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రోటీన్‌ను కొలిస్తే అది బయటపడుతుంది. మందు ఆపాలా, తగ్గించాలా అన్నది వైద్యుడు చెప్పాలి. ఒంటినొప్పులకు దుకాణంలో ఇబుప్రొఫెన్ వంటి మాత్రలు కొని మింగడం కూడా మంచిది కాదు. అవి జబ్బును తిరగబెట్టవచ్చు.

ఈ వైద్యంలో ఒక తెలుగువాడి చేయి కూడా ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరు స్ప్రూ అనే మరో ప్రేగు జబ్బుతో చనిపోయారు. ఆయనా దానితో బాధపడ్డారు. తరువాత అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్నీ, దాని పనిని అడ్డుకునే మెథోట్రెక్సేట్‌నూ తయారుచేసింది. మెథోట్రెక్సేట్‌ను నేడు చిన్న మోతాదులో క్రోన్స్ రోగులకు ఇస్తున్నారు. దానితోపాటు ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా ఇస్తారు!

ఇక ఆహారం. అందరికీ ఒకే పథ్యం లేదు. జబ్బు రేగినప్పుడు పచ్చి కూరగాయలు, పీచు తగ్గించి మెత్తటి అన్నం, పెరుగు తినవచ్చు. పాలు పడనివారు పాలు మానాలి. తగ్గాక మళ్లీ అన్నీ తినాలి. భయపడి తిండి తగ్గిస్తే ఎదిగే పిల్లలకు రక్తహీనత వస్తుంది.

ఇలాంటి మిత్రుడు మీ తరగతిలో ఉంటే తలుపు పక్క చోటు అతనికి వదలండి. అడగకుండానే బయటికి వెళ్లడానికి ఉపాధ్యాయుని దగ్గర ముందే అనుమతి తీసిపెట్టండి. మరుగుదొడ్డి తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో కూడా అతనికి తెలియాలి.