మురుగునీటికి నాచు వైద్యం

మురుగునీరు అనగానే ముక్కు మూసుకుని పక్కకు తప్పుకోవడం మనందరికీ అలవాటే. బోటనీ చదువుకునే నాబోటివాడికి మాత్రం ఆ నీటిని చూస్తే, ఇది పలచని ఎరువునీరు కదా అనిపిస్తుంది. మన ఇళ్ళనుంచీ హాస్టళ్ళనుంచీ పోయే మురుగులో లీటరుకు సుమారు 40 మిల్లీగ్రాముల నత్రజని, 5 నుంచి 8 మిల్లీగ్రాముల భాస్వరం ఉంటాయి. రైతు యూరియా, సూపర్ ఫాస్ఫేటు బస్తాల్లో డబ్బు పోసి కొనుక్కునేవి ఈ రెండే.

మామూలు శుద్ధి కేంద్రాల్లో నీటిలోకి గాలి కొట్టి, బాక్టీరియా చేత మురికిని తినిపిస్తారు. నీరు తేటపడుతుంది, వాసన పోతుంది. అయితే వాటికోసం ప్రత్యేకమైన ఏర్పాటు లేకపోతే, కరిగివున్న నత్రజని, భాస్వరాల్లో చాలా భాగం అలాగే మిగిలి చెరువులోకి చేరుతుంది. అక్కడ నాచుకు పండగే. కుతుబ్‌షాహీల కాలంనాటి హుస్సేన్ సాగర్ ఒకప్పుడు హైదరాబాదుకు మంచినీళ్ళిచ్చిన చెరువు. కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా వంటివి మోసుకొచ్చిన మురుగుతో అది ఎండాకాలంలో పచ్చని చిక్కటి నీరై, గట్టుమీద నిలబడనివ్వని వాసన కొట్టే స్థితికి వచ్చింది.

"చెరువును పాడుచేసింది నాచే అయినప్పుడు, దానితోనే నీళ్ళు శుభ్రం చేస్తాననడం ఏం తర్కమోయ్?" అని మా హాస్టల్లో ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే. ముల్లును ముల్లుతోనే తీయాలని సామెత చెప్పి తప్పించుకోవచ్చు గాని, సైన్సుకు సామెత చాలదు.

ఇక్కడ నాచు అంటే మెట్లమీద కాలు జారే పాకుడు కాదు. క్లోరెల్లా, సెనెడెస్మస్ వంటి సూక్ష్మశైవలాలు. క్లోరెల్లా కణాలు వందింటిని బారుగా పేర్చినా ఒక మిల్లీమీటరు దాటదు. ఇవి ఎండలో బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని పెరుగుతూ, నత్రజనిని మాంసకృత్తులుగా, భాస్వరాన్ని కేంద్రకామ్లాలుగా తమ ఒంట్లో కలుపుకుంటాయి. ఒక గ్రాము నాచు పెరిగితే సుమారు ఒకటిన్నర గ్రాముల ప్రాణవాయువు విడుదలవుతుంది. అది బాక్టీరియాకు ఊపిరి. బాక్టీరియా వదిలే బొగ్గుపులుసు వాయువు తిరిగి నాచుకు ఆహారం. గాలి కొట్టే మోటార్ల కరెంటు ఖర్చు ఆ మేరకు తగ్గినట్టే.

ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని ఇంజనీరింగు లెక్కల్లోకి తెచ్చినవాడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీలో పనిచేసిన విలియం ఆస్వాల్డ్. గోటాస్‌తో కలిసి ఆయన రాసిన ప్రసిద్ధ పత్రం 1957లో వెలువడింది. ఆయన రూపొందించిన కుంట మన ఊరి చెరువులా లోతుగా ఉండదు. సుమారు 30 సెంటీమీటర్ల లోతే. అంతకుమించితే అడుగుకు వెలుతురు అందదు. పరుగుపందెం బాటలా గుండ్రంగా తిరిగే కాలవలో తెడ్లచక్రం ఒకటి నీటిని నింపాదిగా నడిపిస్తుంది. ఎండనుబట్టి నీరు అందులో వారం అటూ ఇటూగా ఉంటుంది.

రాత్రిపూట కథ మారుతుంది. వెలుతురు లేక నాచు కూడా ప్రాణవాయువును తీసుకోవడమే తప్ప ఇవ్వదు. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచే సంగతి కైకలూరు, భీమవరం చేపల చెరువుల వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. మధ్యాహ్నం మరో వింత. బొగ్గుపులుసు వాయువును నాచు లాగేసేకొద్దీ నీటికి క్షారగుణం పెరిగి, పి.హెచ్. 9 దాటుతుంది. అప్పుడు అమ్మోనియా కొంత గాలిలో కలుస్తుంది, భాస్వరం కొంత కాల్షియంతో చేరి అడుగుకు దిగుతుంది. దీన్నీ "తొలగింపు" కిందే లెక్కవేస్తారు. నా మట్టుకు అది లెక్కల గారడీ. గాలిలోకి పోయిన అమ్మోనియా ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ నేలకో నీటికో చేరాల్సిందే కదా!

మిత్రుడి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. పెరిగిన నాచును బయటికి తీయకపోతే మనం చేసింది ఏమీ లేదు. కరిగివున్న ఎరువును పచ్చరంగులోకి మార్చి అదే చెరువులోకి వదిలినట్టే; చచ్చి కుళ్ళగానే అదంతా మళ్ళీ నీటిలో కలుస్తుంది. ఈ తీయడమే కష్టం. కణం సాంద్రత దాదాపు నీటి సాంద్రతే కాబట్టి తేలికగా అడుగుకు దిగదు, గుడ్డలో వడపోస్తే ఆగదు. సెంట్రిఫ్యూజు కరెంటును తాగేస్తుంది. పటిక వేస్తే గడ్డకట్టి దిగుతుంది గాని, పటిక కూడా మడ్డిలో ఉండిపోతుంది. నాకు నచ్చిన ఉపాయం వేరు. బాక్టీరియాతో కలిసి గుంపులుగా దిగిన నాచులో కొంత తిరిగి కుంటలో వేస్తారు, పాలలో తోడు వేసినట్టు. క్రమంగా దిగే రకాలదే అక్కడ పైచేయి అవుతుంది.

ఇక లెక్క చూద్దాం. ఎండు నాచులో నత్రజని ఆరేడు శాతం, భాస్వరం ఒక శాతం దాకా ఉంటాయి. 40 మిల్లీగ్రాముల నత్రజనిని పట్టాలంటే లీటరుకు 600 మిల్లీగ్రాముల నాచు పెరగాలి. లక్ష జనాభా ఉన్న పట్టణం రోజుకు కోటి లీటర్ల మురుగు వదులుతుందనుకుంటే, రోజూ 6 టన్నుల ఎండు నాచు! చదరపు మీటరుకు రోజుకు 20 గ్రాముల చొప్పున బాగానే పండిందనుకున్నా, సుమారు 75 ఎకరాల కుంటలు కావాలి. నగరం నడిబొడ్డున అంత నేల ఎవరిస్తారు? ఎండకు కొదవలేని అనంతపురం వంటి జిల్లాల్లో, చిన్న మునిసిపాలిటీల శివార్లలో అయితే ఆలోచించదగ్గదే.

ఆ 6 టన్నులను గ్యాస్ ప్లాంటులో వేసి, మిగిలిన మడ్డిని పొలానికి తోలవచ్చు. పశువుల దాణాగా కూడా పనికొస్తుందంటారు గాని, నాచు నత్రజనితోపాటు సీసం, కాడ్మియం వంటి లోహాలనూ పట్టేస్తుంది. ఇళ్ళ మురుగునూ ఫ్యాక్టరీల నీటినీ ఒకే నాలాలో కలిపే ఊళ్ళో, ఆ నాచును గేదెకు వేయమంటే నేను మాత్రం ఒప్పుకోను.