ఉబుంటులో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్: ‘వై’ నొక్కే ముందు ఆ లిస్ట్ చదవండి

విండోస్ నుంచి ఉబుంటుకి రాగానే అందరం చేసే పని, బ్రౌజర్ తెరిచి డౌన్‌లోడ్ బటన్ కోసం వెతకడం. బీటెక్‌లో నేనూ అదే చేశా. ఇక్కడ చాలావరకు ఆ అవసరం ఉండదు. సాఫ్ట్‌వేర్లు రిపాజిటరీ అనే సర్వర్లలో ఉంటాయి, తెచ్చిపెట్టే పని ఆప్ట్‌ది.

టెర్మినల్ తెరిచి ముందుగా ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’ కొట్టండి (అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే). పాస్‌వర్డ్ టైప్ చేస్తుంటే చాలా వెర్షన్లలో చుక్కలు కూడా కనిపించవు, కీబోర్డు పాడైందనుకోకండి. పేరులో అప్‌డేట్ ఉన్నా ఇది ఏ యాప్‌నీ అప్‌డేట్ చేయదు, ప్యాకేజీల జాబితాను మాత్రమే తాజాగా తెచ్చుకుంటుంది. తర్వాత ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ వీఎల్‌సీ’.

అసలు చూడాల్సింది అప్పుడొచ్చే లిస్ట్. ఏవి వస్తాయో, ఏవి పోతాయో ఆప్ట్ ముందే చెప్తుంది. 2021లో యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్‌లో స్టీమ్ ఇన్‌స్టాల్ చేయబోతే, తీసేసే లిస్ట్‌లో డెస్క్‌టాప్ కూడా ఉంది. ‘ఎస్, డూ యాజ్ ఐ సే!’ అని టైప్ చేస్తేనే ముందుకెళ్తానంది సిస్టమ్. ఆయన చేశాడు. డెస్క్‌టాప్ మొత్తం ఎగిరిపోయింది. తప్పు ప్యాకేజీలోనే ఉంది, నిజమే. కానీ నవ్వకండి, మనమూ చదవకుండానే ‘వై’ కొడతాం. తీసేసే లిస్ట్ పొడవుగా ఉంటే ‘ఎన్’ నొక్కి ఆగండి.

‘కుడ్ నాట్ గెట్ లాక్’ అని వస్తే? సాధారణంగా వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తుంటుంది. లాక్ ఫైల్ డిలీట్ చేయమని ఎవరు చెప్పినా వినొద్దు, టీ తాగొచ్చి మళ్లీ ట్రై చేయండి.